సంత రోజున తెరిచి ఉండే గ్యాలరీ కావాలి

కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న చర్చ మన కాలేజీ వక్తృత్వ పోటీల్లో ఏటా వస్తుంది. ఎవరో ఒకరు గెలుస్తారు, కప్పు తీసుకుంటారు, ఫోటో దిగుతారు. చర్చ మాత్రం తెగదు. నేను ఆ చర్చలోకి దిగదలచుకోలేదు. అంతకన్నా చిన్న ప్రశ్న ఒకటి అడుగుతాను. విశ్వవిద్యాలయంలో బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు ఆ హాలు తలుపులు ఏ రోజున, ఏ వేళకు, ఎవరి కోసం తెరుస్తున్నాం? ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు దొరికితే ఆ పెద్ద చర్చ సగం తీరిపోతుందని నా నమ్మకం.

ఈ ప్రశ్న వేయడానికి నీకున్న అర్హత ఏమిటని పెద్దలు అడగవచ్చు. నేను బి.ఎస్సీ. విద్యార్థిని. కెమిస్ట్రీ నా సబ్జెక్టు. కుంచె పట్టినవాణ్ణి కాను. మాది కర్నూలు జిల్లా కోడుమూరు వైపు మెట్ట సేద్యం. వాన పడితే బుడ్డలు, ఆముదాలు. బోరులో నీళ్ళుంటే ఉల్లిగడ్డ. చదువు కోసం కడప వచ్చినాను. నాకున్న అర్హతల్లా ఒక్కటే. గ్యాలరీ లోపల ఉన్నవాళ్ళ భాష నాకు కొంచెం తెలుసు, బయట ఉండిపోయినవాళ్ళ ఇంట్లో పుట్టినాను.

ముందుగా ఉన్నదేమిటో చూద్దాం. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అక్కడ లలిత కళల విభాగం పెట్టారు. 2020లో కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ చదువుల కోసం ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. ఒకప్పుడు తెలుగు పిల్లవాడు బొమ్మలు వేయడమే చదువుగా చదవాలంటే హైదరాబాదు పోవాలి, ఇంకా పై చదువంటే బరోడా పోవాలి. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి లక్ష్మాగౌడ్ గారు, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి తోట వైకుంఠం గారు ఆ దారినే పోయినారు. ఇప్పుడు జమ్మలమడుగు పిల్లవాడు, ఆళ్లగడ్డ పిల్లవాడు కడప బస్సెక్కితే చాలు. కరువు సీమ అని పేరుపడ్డ చోటికి ఈ చదువు రావడం చిన్న సంగతి కాదు. కాబట్టి ఈ చదువుకు తగిన గ్యాలరీ ఎలా ఉండాలి, ఏడాది పొడవునా అందులో ఏయే ప్రదర్శనలు, ఏ వరుసలో జరగాలి అన్నది ఒక్క కళా విద్యార్థుల సమస్య కాదు, మనందరిదీ.

మరి ప్రదర్శనలు ఎలా జరుగుతున్నాయి? నేను ఏ ఒక్క సంస్థనూ వేలెత్తి చూపడం లేదు. ఈ రెండు మూడేళ్ళలో అక్కడా ఇక్కడా చూసిన ప్రదర్శనలన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువా, పూలగుత్తి, ప్రసంగం. ముఖ్య అతిథి ముందు నడుస్తారు, ఫోటోగ్రాఫరు వెనక్కి నడుస్తాడు. రెండో రోజు పక్క కాలేజీ వాళ్ళు వస్తారు. మూడో రోజు మధ్యాహ్నానికే మేకులు పీకడం మొదలవుతుంది. వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు. ఆదివారం సెలవు. బొమ్మ కింద చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ‘అన్‌టైటిల్డ్’ అని రాసి, పక్కన ‘మిక్స్‌డ్ మీడియా’ అని ఉంటుంది. కూలికి పోయేవాడు, అంగట్లో పనిచేసేవాడు, సేద్యగాడు ఐదు లోపల ఎట్లా వస్తాడు? వచ్చినా ఆ చీటీలో అతనికి చదువుకోవడానికి ఏముంది?

దీనికి పరిష్కారం ఎక్కడో కొత్తగా కనిపెట్టనక్కర లేదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1683లో ఆష్‌మోలియన్ అనే మ్యూజియం తెరిచింది. విశ్వవిద్యాలయంలో ఉంటూ బయటి జనానికి కూడా తలుపులు తీసిన తొలి మ్యూజియాల్లో అది పేరున్నది. 1710లో జర్మనీ నుంచి ఊఫెన్‌బాఖ్ అనే పండితుడు దాన్ని చూడబోయినాడు. ఆ రోజు ఊళ్ళో సంత. సంతకొచ్చిన పల్లెజనం, ఆడా మగా, అంతా మ్యూజియంలో నిండిపోయి ఉన్నారు. ఆ పండితుడికి ఇది నచ్చలేదు. ఇంతటి జ్ఞాన మందిరంలోకి ఈ పల్లెటూరి వాళ్ళను రానివ్వడమేమిటి, కనబడిందల్లా పట్టుకుని చూస్తున్నారే అని తన యాత్ర రాతల్లో విసుక్కున్నాడు.

నాకు ఆ పండితుడి విసుగు కన్నా ఆ సంత రోజు ముఖ్యం. మూడు వందల ఏళ్ళ కిందటే ఒక విశ్వవిద్యాలయం సంతకొచ్చిన రైతుకు ఆ మెట్లెక్కే వీలు కల్పించింది. మెడలో తువ్వాలు, చేతిలో సంచి ఉన్నవాడు మ్యూజియంలో నిలబడడం అక్కడ తప్పు కాలేదు. మనం 2006లో, 2020లో విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నవాళ్ళం. ఆ మాత్రం చేయలేమా?

మన సంతలు తక్కువవా? కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ బండ్లు వస్తే వేలంపాట కోసం రైతు రాత్రంతా కుప్ప మీదే పడుకుంటాడు. కడప యార్డుకు పసుపు వస్తుంది. ఆదోనికి పత్తి వస్తుంది. ధర పలికేదాకా ఆ మనిషికి చేసే పని లేదు. టీ తాగుతాడు, ఇంకో టీ తాగుతాడు, కొందరు టీ కన్నా చెడ్డవి తాగుతారు. ఏడాదిలో రైతు పట్నంలో ఖాళీగా ఉండే రోజులు అవే. ఆ రోజుల్లో అతను చూడదగ్గది మనం ఏమైనా చూపిస్తున్నామా?

"వాళ్ళకు బొమ్మలేం అర్థమవుతాయి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతనికి నేను జరిగిన సంగతి ఒకటి చెప్పినాను. మీకూ చెబుతాను.

పోయిన ఏడాది మా నాయన పరీక్ష ఫీజు డబ్బు ఇచ్చిపోదామని హాస్టలుకు వచ్చినాడు. సాయంత్రం బస్సు దాకా పొద్దు పోవాలి. దగ్గర్లో విద్యార్థుల చిత్ర ప్రదర్శన జరుగుతుంటే పిలుచుకుపోయినాను. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. తలుపు దగ్గర కాపలా మనిషి నన్ను వదిలి నాయనను ఆపినాడు. "ఎవురు కావాల పెద్దాయనా?" అన్నాడు. "ఎవురూ వద్దు నాయనా, ఊరికే సూసిపోదామని వచ్చినా" అన్నాడు మా నాయన. ఆ మనిషికి ఏమనాలో తోచలేదు. ఊరికే చూడడానికి వచ్చినవాళ్ళను ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

లోపల నాయన ఒక్కో బొమ్మ ముందర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నిదానంగా చూసుకుంటూ పోయినాడు. ఒక పెద్ద ఎద్దు బొమ్మ దగ్గర ఆగినాడు. మోపురం, గంగడోలు, కొమ్ములు, అన్నీ గొప్పగా వేసినారు. అక్కడ చాలాసేపు నిలబడి నాతో మెల్లగా అన్నాడు. "ఇది ఎప్పుడూ కాడి మోసిన ఎద్దు కాదురా. మెడ మీద కాయ యాడుంది?" ఆ బొమ్మ వేసిన పిల్లవాడు పక్కనే ఉన్నాడు, ఈ మాట విన్నాడు. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. అతను దగ్గరికి వచ్చి, "మా ఇంట్లో ట్రాక్టరే పెద్దాయనా, ఎద్దుల్లేవు. ఫోటో చూసి వేసినా. కాయ ఎక్కడ కాస్తాదో చెప్పండి" అన్నాడు. ఇంక ఇద్దరూ గోడ పక్కన కూర్చున్నారు. కాడి ఎక్కడ కూర్చుంటుంది, పలుపు ఎక్కడ ఒరుస్తుంది, దాపటి ఎద్దుకూ వలపటి ఎద్దుకూ కాయలో తేడా ఎట్లా ఉంటుంది, అన్నీ నాయన చెప్పినాడు. ఆ పిల్లవాడు నోట్‌బుక్కులో గీసుకున్నాడు. బస్సు తప్పిపోయేటట్లుంటే నేనే లేపుకొచ్చినాను.

ఆ పిల్లవాడికి పరీక్షలో మార్కులు ఎన్ని వచ్చినాయో నాకు తెలీదు. కానీ ముప్పై ఏళ్ళు ఎద్దుల వెనక నడిచిన మనిషి ఇచ్చిన ఆ అరగంట పాఠం ఏ సిలబస్‌లోనూ దొరకదు. గ్యాలరీలో పల్లెజనం ఉండాలని నేననడం వాళ్ళ మీద దయతో కాదు. బొమ్మ వేసేవాడికి వాళ్ళ కన్ను అవసరం. మా జేజి తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతుంది. ఆ ముగ్గులో కథ లేదు, మనిషి లేడు, మాను లేదు. దాని అర్థమేమిటని ఊళ్ళో ఎవరూ అడగరు, గీత వంకరపోతే మాత్రం పక్కింటామె ఇట్టే పట్టేస్తుంది. ఇటువంటి కళ్ళున్న జనానికి ‘నైరూప్య చిత్రం’ అర్థం కాదని మనమెట్లా అంటాం?

ఇంక నా ప్రతిపాదనకు వస్తాను. గ్యాలరీ ఏడాదిని పరీక్షల క్యాలెండరు ప్రకారం మాత్రమే కాక సేద్యం పంచాంగం ప్రకారం కూడా వేయాలి. ఏడాదికి నాలుగు ప్రదర్శనలు చాలు. ఒక్కొక్కటి కనీసం మూడు వారాలుండాలి.

మొదటిది దసరా దీపావళి రోజుల్లో, పంట పట్నానికి వచ్చే కాలంలో. దీని విషయం మన రాతి బొమ్మలు, మన రంగు మన్ను. కడప జిల్లా ముద్దనూరు దగ్గర చింతకుంటలో, కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర కేతవరంలో రాతి గుహల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. మోపురం ఎద్దులు, జింకలు, మనుషులు. అవి ఎక్కువగా ఎర్ర రంగువి. వేల ఏళ్ళు ఎండకూ గాలికీ ఆ ఎరుపు ఎందుకు చెడలేదు? కెమిస్ట్రీ చదివిన మనం జవాబు చెప్పగలం. అది ఇనుప ఆక్సైడు. ఆక్సిజన్‌తో కలవడం ఎప్పుడో పూర్తయిపోయిన పదార్థం కనుక గాలి దాన్ని ఇంకా మార్చలేదు. ఆకు రంగులు, పూల రంగులు ఎండకు విరిగిపోతాయి, ఇది విరగదు. మన నేలకు రంగుల కరువు లేదు. బేతంచర్ల వైపు పసుపు మన్ను తవ్వుతారు. మంగంపేట బరైటీస్ గని ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఆ బరైటీస్ చమురు బావులు తవ్వేచోటికి పోతుంది, రంగు డబ్బాల్లోనూ పోతుంది. పెద్ద నగరాల్లో గోడలకు పూసే రంగులో మన మన్ను ఉన్నా, ఆ సంగతి మన పిల్లలకే తెలియదు.

జ్వాలాపురం సంగతి ఇంకా విచిత్రం. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉన్న ఊరది. సుమారు 74,000 ఏళ్ళ కింద సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటి వచ్చి ఆ లోయలో పేరుకుంది. ఆ బూడిద పొర కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. అక్కడ మాత్రం ఆ బూడిదను తవ్వి అంట్లు తోమే పొడికి అమ్ముకున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఊళ్ళో ఉన్నదేమిటో చూపించేవాళ్ళు లేకపోతే ఏ నిధి అయినా చివరికి అంట్లు తోమే పొడే అవుతుంది. రాతి బొమ్మల పక్కన పేర్లు గీకే కుర్రవాళ్ళ సంగతీ అంతే. ముందుగా వాళ్ళకు చూపించాలి, తర్వాత బోర్డు పెట్టి బెదిరించవచ్చు.

రెండో ప్రదర్శన సంక్రాంతికి, రాతి మీద. ‘కడప బండ’ తెలియని ఇల్లు దక్షిణ దేశంలో అరుదు. జమ్మలమడుగు దగ్గర నార్జి అనే పల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక సున్నపురాయికి ‘నార్జి’ అని పేరు పెట్టారు. ఆళ్లగడ్డలో శిల్పుల వీధుల్లో నడిస్తే ఉలి చప్పుడు వినబడుతుంది. గుళ్ళకు దేవతా విగ్రహాలు అక్కడ నుంచి పోతాయి. పుష్పగిరి గోడల మీద, ఒంటిమిట్ట స్తంభాల మీద పాతకాలపు పనితనం ఉంది. గ్యాలరీలో పూర్తయిన విగ్రహం ఒక్కటే పెడితే చాలదు. గీత గీసిన రాయి, సగం చెక్కిన రాయి, పూర్తయిన రాయి వరుసగా పెట్టాలి. పక్కన ఉలి, సుత్తి పెట్టాలి. వారంలో ఒక రోజు శిల్పి వచ్చి అక్కడే చెక్కాలి. డిగ్రీలో శిల్పం చదివే పిల్లవాడూ, తండ్రి దగ్గర ఉలి పట్టిన పిల్లవాడూ ఒకే రాయికి రెండు వైపులా కూర్చోవాలి.

మూడోది శివరాత్రి నుంచి ఉగాది దాకా, తోలు మీద, గుడ్డ మీద వేసే బొమ్మలకు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మల వెనక దీపం పెట్టకుండా పగటిపూట గోడకు తగిలిస్తే చూసినట్టే కాదు. కాబట్టి ఈ ప్రదర్శన రాత్రిపూట జరగాలి, ఆటతో, పాటతో. దాంతోపాటు శ్రీకాళహస్తి కలంకారీ పెట్టాలి. అందులోని నలుపు ఎట్లా పుడుతుందో మన సైన్సు విద్యార్థులు చేసి చూపవచ్చు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెడతారు. కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీత గీస్తే, ఇనుమూ కరక్కాయలోని టానిన్ కలిసి నల్లగా మారతాయి. ఎరుపు పట్టాలంటే పటిక కావాలి. మన ల్యాబులో టెస్ట్‌ట్యూబుతో చేసే పనినే ఆ కళాకారులు తరతరాలుగా కుండలతో చేస్తున్నారు. ఇటువంటి చోట సైన్సుకూ ఆర్ట్సుకూ మధ్య గోడ ఉందా చెప్పండి!

నాలుగోది ఎండాకాలంలో, విద్యార్థుల సొంత ప్రదర్శన. పరీక్షల కోసం ఏప్రిల్, మే నెలల్లో ఎటూ బొమ్మలు గోడకెక్కుతాయి. అదే సమయంలో మెట్ట రైతుకు పని ఉండదు. వాన కోసం చూస్తూ అరుగు మీద కూర్చునే కాలం, జాతరల కాలం, పెళ్ళిళ్ళ కాలం. ఇంతకన్నా మంచి పొంతన ఎక్కడ దొరుకుతుంది? కానీ మనం పరీక్షకుడు మార్కులు వేసిన మర్నాడే బొమ్మలు దించేస్తాం. వాటిని మే నెలాఖరు దాకా ఉంచాలి. పగలు ఎండ కాబట్టి సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా తెరవాలి. తర్వాత కొన్నింటిని ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, రాయచోటి తీసుకుపోవాలి. కొడుకు నాలుగేళ్ళు ఏం చదివినాడో తల్లిదండ్రులు తమ పట్నంలోనే చూడాలి. ఈ చదువు చదివే వాళ్ళలో చాలామంది మావంటి ఇళ్ళ పిల్లలే. బొమ్మలు కూడు పెడతాయా అని ఇంట్లో అడిగిన రోజున వాళ్ళ దగ్గర చూపించడానికి ఒక గోడైనా ఉండాలి.

ఇప్పుడు అభ్యంతరాలు చూద్దాం. డబ్బు ఎక్కడిది అంటారు. శాంతినికేతన్‌లో కళాభవన్ విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి 1973 నుంచి డిసెంబరు మొదట్లో నందన్ మేళా నడుపుతున్నారు. నందలాల్ బోస్ గారి పుట్టినరోజుకు ముందు జరిగే మేళా అది. అందరూ చిన్న చిన్న వస్తువులు, బొమ్మలు చేసి తక్కువ ధరకు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. బరోడా వాళ్ళు 1961లోనే ఇటువంటి కళా సంత మొదలుపెట్టారు. మనం ఎందుకు పెట్టకూడదు? వందకో రెండు వందలకో దొరికే అచ్చు బొమ్మను మా ఊరివాళ్ళూ కొంటారు. క్యాలెండరు బొమ్మ కొని గోడకు తగిలించే అలవాటు వాళ్ళకు ఎప్పటినుంచో ఉంది.

జనం ఇవ్వరు అనే మాట నేను నమ్మను. కడపలో బ్రౌన్ దొర పేరిట నిలిచిన గ్రంథాలయం చూడండి. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరికొచ్చి తెలుగు నేర్చిన మనిషి జ్ఞాపకాన్ని, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో, దాతల సాయంతో నిలబెట్టారు. తాళపత్రాలకు ఇల్లు కట్టుకున్న ఊరు బొమ్మలకు ఒక హాలు నడపలేదా? రాజమండ్రివాళ్ళు 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు గారి బొమ్మలను గ్యాలరీ పెట్టి కాపాడుకుంటున్నారు. అది గోదావరి నీళ్ళ మహిమ అని మనం సరిపెట్టుకోరాదు.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. తాగను నీళ్ళు లేని సీమలో బొమ్మలేమిటి అని. ఇది అన్నవాళ్ళను నేను ఎగతాళి చేయలేను. మా ఇంట్లో రెండు బోర్లు ఎండిపోయినాయి. నీళ్ళు ముందు, బొమ్మలు తర్వాత అంటే ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట ఆలోచించండి. మన బొమ్మ మనం వేసుకోకపోతే ఇంకొకరు వేస్తారు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చినాక ఎన్ని సినిమాలు వచ్చినాయి! కత్తులు, బాంబులు, లేచిపోయే సుమోలు. బయట ఊళ్ళలో "మాది కర్నూలు" అంటే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసి నవ్వుతాడు. ఆ నవ్వు మీలో చాలామంది ఎదుర్కొన్నదే. కరువు వార్తల ఫోటోల్లో మనం బీటలు వారిన నేల, సినిమాల్లో మనం కత్తి. నీళ్ళు అడగడానికి పోయినా మన మాట వినేవాడి కళ్ళలో ముందుగా ఉండేది ఆ బొమ్మే. మెడ మీద కాయ కాసిన ఎద్దునూ, ఉల్లి కుప్ప మీద నిద్రపోయే మనిషినీ, ఉలి పట్టిన చేతినీ వేయగలిగిన పిల్లలు ఇప్పుడు మన మధ్యే చదువుతున్నారు. వాళ్ళ బొమ్మలు మూడు రోజులకే చుట్ట చుట్టి మంచం కిందికి పోతే నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు.

కనుక విద్యార్థి సంఘానికి నేను చేసే విన్నపాలు ఇవి. మన కాలేజీలో, మన చేతనైనంతలో, ప్రదర్శనల హాలు రాత్రి ఎనిమిది దాకా, ఆదివారాలూ సంత రోజులూ తెరిచి ఉంచేందుకు అధికారులను అడగండి. కాపలాకు, వివరించడానికి విద్యార్థులం వంతులు వేసుకుంటాం. నా వంతు ఇప్పుడే రాసుకోండి. ప్రతి బొమ్మ కింద చీటీ తెలుగులో ఉండాలి, అందులో బొమ్మ పేరుతోపాటు అది దేనితో, ఎట్లా చేసినారో రెండు వాక్యాలుండాలి. తెలుగు శాఖ విద్యార్థులు, సైన్సు విద్యార్థులు కలిసి రాయగలరు. కరపత్రం మార్కెట్ యార్డులో, బస్టాండులో పంచాలి. ఖర్చు కోసం వార్షికోత్సవం రాత్రి ఆర్కెస్ట్రాకు, లైట్లకు పెట్టే డబ్బులో ఒక వంతు తీసి పెట్టండి. ఆ రాత్రి ఎట్లాగూ మూడు గంటల్లో అయిపోతుంది.

లెక్చరర్లకు ఒక మనవి. మీ క్లాసును ఏడాదికొకసారి గ్యాలరీకి తీసుకుపోండి, కెమిస్ట్రీ క్లాసునైనా సరే. పూర్వ విద్యార్థులకు ఇంకొక మనవి. మీరు కాలేజీకి ఏదైనా ఇవ్వదలచుకుంటే మీ పేరు చెక్కిన రాయి బదులు, ఏదైనా ఒక పల్లె నుంచి గ్యాలరీకి ఒక బస్సు ఖర్చు ఇవ్వండి.

వచ్చే ఉల్లి సీజనులో వేలంపాట కోసం కాచుకున్న రైతు ఎవరైనా మన తలుపు దగ్గరికి వస్తే, ఎవరు కావాలని అడగకుండా, "రా పెద్దాయనా, ఏమేం వేసినారో చూడు" అని పిలిచే మనిషి అక్కడ ఉండాలి. ఆ పని మొదలుపెట్టడానికి కొత్త భవనం అక్కర లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకుంటే చాలు.